చుట్టాల అంబలి

ఆవిరి గోధుమరంగులో కూడా ఉంటుందని గురుబారికి ఇవాళే తెలిసింది, వాళ్ళ ఊళ్ళో ఆవిరంటే తెల్లనిదే, చోడి అంబలి కుండలోంచి లేచినా, తెల్లారగట్ల ఊట మీద తేలినా, చలికి వణికే అయ్య నోట్లోంచి వచ్చినా తెల్లగానే ఉంటుంది, ఇక్కడ ఈ విశాఖపట్నం కాలేజీ గదిలో, అద్దాల బీరువా లోపల, వేడి పలక మీద పెట్టిన గాజు గ్లాసులోంచి మాత్రం ఎండిన అడ్డాకు రంగులో లేచి పైగొట్టంలోకి పోతోంది, ఆ గ్లాసులో ఉడుకుతున్నది తమ ఇంటి అంబలేనట, గాయత్రి మేడం పొద్దున చెప్పింది, ఎండబెట్టి, పొడిచేసి, చిటికెడు తూచి, దాని మీద ఘాటైన ఆమ్లం పోసి మరిగిస్తే గింజ, పొట్టు అన్నీ కరిగి ఆవిరైపోతాయి, లోహం మాత్రం ఎక్కడికీ పోదు, చివరికి మిగిలే నీళ్ళలాంటి చుక్కలోనే దాక్కుని ఉంటుంది, దాన్ని మంటలోకి పీల్చి చూస్తే ఉన్నదీ లేనిదీ మిషను చెప్పేస్తుంది అని, అంత మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది, గురుబారి తలవంచుకుని కాలి బొటనవేలితో గచ్చు మీద గీతలు గీసింది, ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతికి వచ్చినా ఇదే అలవాటు, రాత్రిపూట డైరీలో పేజీలు నిండేన్ని మాటలు పొద్దున్నే ఎక్కడికి పోతాయో తెలియదు, పక్కన బల్ల మీద అయ్య గాసి తలపాగా విప్పి మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు, ఆయనకి తెలుగు సంతలో బేరానికి సరిపడా వచ్చు, కొనడానికీ అమ్మడానికీ, ఈ గదికి సరిపడా రాదు, అందుకే బడి మానిపించి గురుబారిని వెంట తెచ్చుకున్నాడు, మాట్లాడటానికి, మాట్లాడలేని పిల్లని.

ఒళ్ళో గిన్నె చల్లగా ఉంది, తువ్వాలు చుట్టినా దాని అడుగు చల్లదనం తొడలకి తగులుతోంది, అందులో తమ్ముడు బుధుకి అంబలి, నిన్న చీకటితో ఇంటి దగ్గర పోసుకుని ముంచింగిపుట్టులో బస్సెక్కి, పాడేరులో దిగి మళ్ళీ ఎక్కి, ఘాటు మలుపుల్లో ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని తెచ్చింది, పెద్దాసుపత్రిలో తమ్ముడి పక్కనున్న అమ్మ కబురు పంపింది, గుంటడు రొట్టె ముట్టట్లేదు, అంబలి అంబలి అని ఏడుస్తన్నాడు, అక్క గిన్నెలో అంబలి అని, అక్క గిన్నె అనడం వాడికి భలే వచ్చు, వాడికి వచ్చిన మొదటి రెండు మాటలు అవేనేమో, వేరే దేంట్లో పోసినా మూతి తిప్పుకుంటాడు, సాయంత్రం ఆసుపత్రి గేటు తెరిచాక ఇది తాగుతాడు, తాగి అడుగున మిగిలింది వేలితో గీకి గీకి నాకుతాడు, ఆ గీకుడు చప్పుడికి అవ్వకి పళ్ళు జివ్వుమంటాయి, ఆపరా దెయ్యపోడా అంటుంది, ఆ చప్పుడు మళ్ళీ వింటే చాలు, కిందటిసారి ఆసుపత్రిలో మందు పట్టి బుగ్గలు పొంగి ఇంటికొచ్చాడు, కోడిపిల్లల వెనక పరిగెత్తాడు కూడా, మళ్ళీ నెల తిరక్కుండానే కడుపు పట్టుకుని మెలికలు, ఒళ్ళు పాలిపోవడం, ఆ తర్వాత కళ్ళు పైకి తేలేసి కట్టెలా బిగుసుకుపోవడం, పొయ్యి పక్కన, అమ్మ కేక, అయ్య వాణ్ణి భుజాన వేసుకుని కొండ దిగుతుంటే వెనక పరిగెత్తిన తన కాళ్ళు, డాక్టరు బుధు పెదవి పైకెత్తి చిగుళ్ళ మీద నల్లగీత చూపించి ఇది సీసం గీత, ఈసారి కూడా లాగేస్తాం, కానీ ఎక్కడ్నుంచి లోపలికి పోతోందో తెలుసుకోకుండా ఇంటికి తీసుకెళ్తే మూడోసారి నా చేతిలో ఏమీ ఉండదు అన్నాడు, ఆ ముక్క అయ్యకి చెప్పలేక చెప్పింది, అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

ఏటే గుంటా, బొమ్మనాగ కూకున్నావు, టీ తాగుతావేటి, అని సర్వేశ్వరరావు వచ్చాడు, సీసాలు కడిగే పెద్దాయన, ఖాకీ చొక్కా మీద ఆమ్లం పడ్డ చిల్లులు, వద్దన్నట్టు తలాడించింది, నీ పేరేటి, గురుబారి, ఎంత చిన్నగా చెప్పిందంటే ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వంగాల్సి వచ్చింది, గురుబారంటే లచ్చివారమా, అప్పుడు పుట్టేవేటి, మరి మీ తమ్ముడో, బుధు, ఓరి మీ ఇల్లు బంగారంగానూ, మీ ఇంట్లో కేలండరు కొననక్కర్లేదే అని గట్టిగా నవ్వాడు, అయ్యకి అర్థం కాకపోయినా నవ్వాడు, ఎవరు నవ్వినా నవ్వడం అయ్యకి అలవాటు, ఈ మధ్య నవ్వడం ఇదే చూడటం, ఊళ్ళో పెద్దలు కూర్చున్న రోజు నుంచి అయ్య మొహం ముడుచుకుపోయింది, ఆ రోజు సోదె చెప్పే దిసారి బియ్యం గింజలు చేటలో తిప్పి చూసి, బుధు పుట్టిన పురుడు తీరకుండానే మీ ఆడది ఊటరాయి దాటింది, ఊటతల్లికి కోపం ఉంది, అయితే ఆ కోపం నీళ్ళ మీద పడిందో మనిషి మీద పడిందో నాకు కనబడట్లేదు అన్నాడు, అవ్వ వెంటనే అందుకుంది, పట్నపోళ్ళు నీళ్ళు పట్టుకెళ్ళారు కదా, నీళ్ళు చెడ్డవంటే అది ఊరందరి కష్టం, మేకని కోద్దాం, నీళ్ళు మంచివంటే మరి చెడ్డది ఎవరు, నా కోడలే, దాన్ని దాని పుట్టింటికి తోలెయ్, పిల్లలు నా దగ్గరుంటారు, ఊరంతా ఆ ఊటే తాగుతాది, నీ కొడుక్కే ఎందుకొచ్చిందిరా గాసీ అని, అయ్య పట్నం కాగితం రానీ అన్నాడు, అంతే, అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కట్టెలు లోపలికి తోస్తూనే ఉంది, మండుతున్న పొయ్యిలోకి ఇంకా ఇంకా కట్టెలు, తనకేసి చూడలేదు, ఎవరికేసీ చూడలేదు.

నీళ్ళ కాగితం వచ్చేసింది, పొద్దున్నే మేడం చెప్పింది, ఊట నీళ్ళలో ఏమీ లేదు, అంత మంచి నీళ్ళు మా ఇంట్లో కూడా లేవు అని మెచ్చుకున్నట్టే చెప్పింది, ఆ మెచ్చుకోలుని అయ్యకి తమ మాటలోకి మార్చి చెప్తుంటే ఆ రోజు అవ్వ అన్న మాటే వినిపించింది, మట్టిలో లేదు, చోళ్ళలో లేదు, ఇంక మిగిలింది అంబలి ఒక్కటే, అంబలిలో ఉంటే అమ్మ బతికిపోతుంది, ఊటతల్లీ అంబలిలో ఉండనీ, అని దండం పెట్టుకోబోయి ఆగిపోయింది, తమ అంబలిలో విషం ఉండాలని ఎవరైనా దండం పెట్టుకుంటారా, కానీ పెట్టుకుంది, ఆ గోధుమరంగు ఆవిరికే పెట్టుకుంది, ఆవిరి పలచబడుతోంది, గ్లాసులో చిక్కటి ఎరుపు పసుపైంది, మేడం ఇంకో నాలుగు చుక్కలు పోసింది, మళ్ళీ గుప్పుమంది, పసుపు కూడా పోయింది, నీళ్ళే మిగిలాయి, అమ్మ తెల్లారగట్ల లేచి తిరగలిలో విసిరిన చోళ్ళు, మూడు పూటలకి సరిపడేలా కుండలో కాచిన అంబలి, వేలెడు నీళ్ళయిపోయింది.

సర్వేశ్వరరావు గారూ, ఈ ఫ్లాస్కు సబ్బుతో కడిగి పెట్టేశారా, మేడం గొంతు పెరిగింది, అది తనని కాకపోయినా గురుబారి గిన్నెని గట్టిగా పట్టుకుంది, అద్దంలా మెరుస్తుంటే ఇంకేటి కావాల మేడంగోరూ అన్నాడాయన, మెరిస్తే సరిపోదండీ, సబ్బుకి పోయేది మురికి, గోడల్ని పట్టుకుని ఉన్న లోహం సబ్బుకి పోదు, ఆమ్లంలో రాత్రంతా నానాలి, పులుపు లాగితేనే బయటికొస్తుంది, లేకపోతే మనం కొలిచేది వాళ్ళ అంబలి కాదు, మన ఫ్లాస్కు, అందావిడ, రాత్రంతా నానబెట్టమంటే నానబెడతాను గానండి, మా ఇంటిది ఇలాగే గిన్నెలు రేత్రంతా నానబెడితే మా అమ్మ రోకలట్టుకునేది అని గొణుక్కుంటూ ఆయన ఆ ఫ్లాస్కు పట్టుకుపోయాడు, బేగి రండి అంది మేడం నవ్వాపుకుంటూ, ఇంకోటి తీసింది, ఆ నీళ్ళని వడపోసింది, గీత దాకా నింపింది, పులుపు లాగితేనే బయటికొస్తుంది, ఆ మాట గురుబారి తలలో ఎక్కడో తగులుకుని ఉండిపోయింది, కొండచీపురు ముల్లు పావడాకి తగులుకున్నట్టు, ఎక్కడుందో తెలియదు, నడిస్తే గీసుకుంటుంది.

మిషనులో మంట వెలిగింది, నీలంగా, సన్నగా, పొయ్యిలో మంటలా అటూ ఇటూ ఊగకుండా, ముందు ఖాళీ ఆమ్లం పీల్పించింది, తర్వాత సీసం కలిపిన నీళ్ళు, కొంచెం, ఇంకొంచెం, అంకెలు ఎక్కుతుంటే గురుబారి గుండె కూడా ఎక్కింది, ఇవి మావేలే, సరిచూసుకోవడానికి అంది మేడం వెనక్కి తిరిగి, తర్వాత తమది, సన్నటి గొట్టం గీత దాకా నిండిన అంబలి నీళ్ళలో మునిగింది, అయ్య లేచి నిలబడ్డాడు, ఎందుకో ఆయనకి తెలిసిపోయింది ఇదే తమదని, అంకె కదల్లేదు, మేడం మళ్ళీ పీల్పించింది, కదల్లేదు, మూడోసారి, కదల్లేదు, మేడం కళ్ళజోడు తీసి ముక్కు దగ్గర నొక్కుకుంది, లేదమ్మా, మా ఖాళీ ఆమ్లానికీ మీ అంబలికీ తేడా లేదు, శుభ్రంగా ఉంది అంది, మరి ఎక్కణ్ణుంచి పోతోందమ్మా ఆ పిల్లాడి ఒంట్లోకి, నీళ్ళు కాదు, నేల కాదు, తిండి కాదు, అని తనలో తానే అడుక్కున్నట్టు అంది, ఏటంతంది అన్నాడు అయ్య, మంచిదేనంట అంది గురుబారి తమ మాటలో, ఏది, అన్నీ, అన్నీ మంచివేనంట, అయ్య మెల్లగా కూర్చున్నాడు, తలపాగా గుడ్డ చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు, చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి, అయితే మీ అమ్మని, అని ఆగిపోయాడు, మిగతాది మింగేశాడు, మింగేసినది గురుబారికి వినిపించింది.

అమ్మని, అమ్మని అడిగారు కదా ఆ రోజు, కిందటిసారి బుధు ఇంటికొచ్చాక, జీపు ఊరికి రాలేక కింద వాగు దగ్గర ఆగిపోతే మేడం చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కి వచ్చిన రోజు, మీ తమ్ముడు ఏం తాగుతాడో అదే కొంచెం కావాలి అంది, గురుబారి మార్చి చెప్పింది, అమ్మ చేతులు కడుక్కుంది, మేడం ఎన్నెన్ని అడిగిందో, కాటుక పెడతారా, పసరు మందు ఏమైనా పోశారా, ఇంట్లో పాత బ్యాటరీలు ఉన్నాయా, గోడలకి రంగులు వేశారా, లేదు, లేదు, లేదు, అన్నిటికీ తలాడించింది, అంబలి దేంట్లో వండుతారు, కుండలో అంది, నిజమే కదా, కుండలోనే, దేంట్లో ఉంచుతారు అని అడగలేదు, అడగకుండా తనంతట తాను ఒక మాట అదనంగా చెప్పే పిల్ల కాదు, అమ్మ నడిమి గుంజకి వేలాడే ఆనపబుర్ర దించింది, తాతల నాటి బుర్ర, మూతి నల్లగా నున్నగా అరిగిపోయింది, ముందు నేల మీద ఒక చుక్క వదిలింది చచ్చిపోయిన పెద్దలకి, తర్వాత మేడానికి ఆకు దొప్పలో పోసింది, తర్వాత ఆ తెల్లటి సీసాలో పోసింది, వాళ్ళ ఊళ్ళో ఇంటికొచ్చిన మనిషికి బుర్రలోంచే పొయ్యాలి, వేరే దేంట్లోంచి పోసినా నువ్వు మా పెద్దలకి తెలీదు అని మొహం మీద చెప్పినట్టే, పట్నం నుంచి అంత దూరం ఎక్కి వచ్చిన మనిషిని అమ్మ అలా అవమానిస్తుందా, మేడం తాగి, ఎంత బాగుందో అంది, అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఒక్క కుండలో కాచిన అంబలే, సగం బుర్రలోకి వంచుతుంది, సగం, సగం బుధుకి, మూత ఉన్నదాంట్లో, రాత్రంతా, పులుస్తుంది, పులిస్తేనే వాడికి ఇష్టం, పులుపు లాగితేనే బయటికొస్తుంది.

ఒళ్ళో గిన్నె చల్లగా ఉంది, ఎప్పుడు విప్పిందో తెలియదు తువ్వాలు నేల మీద పడింది, మూత తీసింది, పుల్లటి వాసన, లోపల గోడలు తెల్లగా, కాదు, తెల్లగా ఉండేవి, కొన్న రోజున వెండిలా తెల్లగా ఉండేవి, ఇప్పుడు అంబలి మట్టం దాకా మసకబారి పైన మాత్రం మెరుస్తున్నాయి, అంబలి వంచి అడుగు చూడక్కర్లేదు, అడుగున మాటు ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుసు, తను చూస్తుండగానే వేశాడు సంతలో ఆ పాత గిన్నెలవాడు, వానలు వెనకబట్టిన రోజులు, తను ఒక్కత్తీ కొండ మీద కోసి కట్టిన చీపుర్ల మోపు వాడి ముందు దించి ఆ ఇత్తడి మూతగిన్నె చూపించింది, అడుగున చిల్లుందే గుంటా, ఉండు, కొత్తదాన్ని చేసి ఇస్తాను అని వాడు బొగ్గులు ఊది బూడిదరంగు కడ్డీ ఒకటి కాల్చాడు, ఇనుము కరగదు, ఇత్తడి కరగదు, అది మాత్రం వెన్నలా కరిగి టప్పున చిల్లు మీద పడింది, గుడ్డతో లోపలంతా పూశాడు, ఎంత అందంగా ఉందో, కరిగిన చందమామని పూసినట్టు ఉంది అని ఆ రాత్రి డైరీలో రాసుకుంది, ఎందుకు కొంది, ఎందుకంటే బడిలో టీచరమ్మ చెప్పింది బుర్రల్లో తిండి ఉంచితే లోపల కడగలేరు, పురుగులు పెరుగుతాయి, పసిపిల్లల తిండి తోమిన గిన్నెలో మూతపెట్టి ఉంచాలి అని, అప్పుడు వెనక వరసలో కింద ఊళ్ళ పిల్లలు తనకేసి చూసి బుర్రమొహం అని నవ్వారు, తను తలవంచుకుని అనుకుంది నా తమ్ముణ్ణి ఎవరూ అలా నవ్వకూడదని, ఇంటికి తెచ్చిన రోజు అమ్మ ఆ గిన్నెలో మొహం చూసుకుంది, అవ్వ కూడా చూసుకుంది, బుధు రెండు చేతులతో పట్టుకుని అక్క అన్నాడు, అప్పటికి వాడికి ఏ జబ్బూ లేదు.

వాడికి ఏ జబ్బూ లేదు, అయ్య ఆ బుర్రలోదే తాగుతాడు, అవ్వ ఆ బుర్రలోదే, తను బడిలో, గిన్నె వాడొక్కడిదే, చింతపండుతో ఎంత బాగా తోమేదో తను సెలవుల్లో, మెరవాలని, మెరిస్తే సరిపోదండీ, వేలితో గీకి గీకి నాకేవాడు, అక్క గిన్నె, ఆసుపత్రిలో కోలుకున్నాడు, గిన్నె లేదు, ఇంటికొచ్చాడు, గిన్నె ఉంది, ఇప్పుడు మళ్ళీ కోలుకుంటున్నాడు, తను కొండలు దిగి ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని తెచ్చింది, కిటికీ అవతల చెట్ల సందుల్లో సముద్రం కనిపిస్తోంది, బూడిదరంగులో, కరిగి పోసినట్టు, ఆసుపత్రికి వెళ్ళే దారిలో అయ్య బీడీకి ఆగినప్పుడు గిన్నెని దాంట్లోకి విసిరేస్తే చాలు, చెయ్యి జారిందంటే అయ్య తిట్టడు, బుధు రెండ్రోజులు ఏడుస్తాడు, తర్వాత మరిచిపోతాడు, బతుకుతాడు, ఎవరికీ తెలియదు, డైరీలో కూడా రాయక్కర్లేదు, బతుకుతాడు కదా అది చాలదా, చాలదు, ఊట మంచిదని కాగితం ఉంది, అంబలి మంచిదని ఇంకో కాగితం ఇస్తారు, అయ్య రెండూ తలపాగాలో కట్టుకుని కొండెక్కుతాడు, పెద్దలు కూర్చుంటారు, బుధు ఎంత బాగుంటే అమ్మ అంత చెడ్డదవుతుంది, చూశారా, తల్లికి దూరంగా ఆసుపత్రిలో పెడితే బాగయ్యాడు అంటుంది అవ్వ, అమ్మ అక్కడే నేల మీద పడుకుందని చెప్పినా వినదు, అమ్మ బుర్ర దించి గుంజ దగ్గర పెట్టి, చీర మూట కట్టుకుని, ఎవరికేసీ చూడకుండా ఊటరాయి పక్కనుంచి కిందికి, ఆ దారి కనిపించింది, రాళ్ళతో సహా కనిపించింది.

సరే అమ్మా, రిపోర్టు రాసిస్తాను, డాక్టరుగారికి ఇవ్వండి, అని మేడం కాగితం మీదకి వంగింది, ఇంకా అడగలేదు, అడగదు, అడగాల్సినవన్నీ ఆ రోజే అడిగేసింది, తమ్ముడి గురించి ఇంక అడిగేవాళ్ళు ఈ గదిలో ఎవరూ లేరు, సముద్రంలో వేస్తే మునిగిపోతుంది గానీ లోహం ఎక్కడికీ పోదు, ఉడికించినా, ఆవిరైనా, చివరి చుక్కలో ఉండే ఉంటుంది, అమ్మ మీద ఉండిపోతుంది, కాళ్ళు లేచాయి, తను లేపలేదు, అవే లేచాయి, బల్ల దాకా ఐదడుగులో ఆరడుగులో, గాజు గ్లాసుల మధ్య ఖాళీ చూసి గిన్నెని పెట్టింది, ఇత్తడి చప్పుడికి మేడం తలెత్తింది, సర్వేశ్వరరావు తలుపు దగ్గర టీ గ్లాసులతో ఆగిపోయాడు, తలవంచుకుంటే మాట వెనక్కి పోతుందని భయం వేసి తలవంచుకోలేదు, మేడం, మీరు ఆ రోజు పట్టుకెళ్ళింది చుట్టాల అంబలి, అంది, మా తమ్ముడు తాగేది ఇది, రాత్రంతా ఇందులో ఉంటుంది, మేడం చెయ్యి కాగితం మీద ఆగింది, వంగి లోపలికి చూసింది, మాటు చూసిందో, మసక చూసిందో, ముట్టుకోలేదు, ఎక్కడిదమ్మా ఈ గిన్నె అని చాలా చిన్నగా అడిగింది, ఇంత చిన్నగా మాట్లాడటం తన పని కదా అనిపించింది గురుబారికి, నేను కొన్నాను అంది, సంతలో నేనే కొన్నాను, గట్టిగా అంది, గది చివర దాకా వినిపించేలా, వెనక అయ్య చేతిలో తలపాగా చుట్టడం ఆగిపోయింది, కొన్నాను అన్నది సంత మాట, దాన్ని ఆయనకి ఎవరూ మార్చి చెప్పక్కర్లేదు.